కాస్మోస్ 2553: తగాదా అంతా రేడియేషన్ కొలత మీదే

అదుపు తప్పి దొర్లుతోందని 2025 ఏప్రిల్‌లో వార్తలు వచ్చాక రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2553 మీద చర్చ మళ్లీ రాజుకుంది. 2022 ఫిబ్రవరి 5న పంపిన ఈ ఉపగ్రహం దాదాపు 2,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. రేడియేషన్‌ను పరికరాలు ఎలా తట్టుకుంటాయో చూడడానికే పంపామని మాస్కో చెప్పింది. అమెరికా నమ్మలేదు. అక్కడ రేడియేషన్ దిగువ కక్ష్యల కన్నా ఎక్కువే అయినా, రష్యా చెబుతున్న పరీక్షలకు చాలదని, ఇదంతా కక్ష్యలో అణ్వాయుధం పెట్టే సన్నాహమని వాషింగ్టన్ అనుమానం.

రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్‌తో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ వాన్ ఆలెన్ భూమి చుట్టూ రేడియేషన్ వలయాలను (వాన్ ఆలెన్ వలయాలు) కనిపెట్టిన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1962. అప్పుడు అంతరిక్షంలో తాను తలపెట్టిన అణుపరీక్షతో భయం లేదని నచ్చజెప్పింది అమెరికాయే. వలయానికి ఏమీ కాదని వాన్ ఆలెనే అంటున్నారని మే నెలలో అధ్యక్షుడు కెనడీ విలేఖరుల ముందు చమత్కరించారు. బ్రిటన్‌లో ఖగోళ శాస్త్రవేత్త బెర్నార్డ్ లవెల్ ఎంత మొత్తుకున్నా ఎవరూ ఆగలేదు. జులై 9న పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవి మీద, 400 కిలోమీటర్ల ఎత్తున, 1.4 మెగాటన్నుల స్టార్‌ఫిష్ ప్రైమ్ అణుబాంబు పేలింది.

మర్నాడే అమెరికా సమాచార ఉపగ్రహం టెల్‌స్టార్-1 ఎగిరింది. టీవీ ప్రసారాల సందడిలో చాలామంది పట్టించుకోలేదు గానీ, అందులో దాన్ని తయారుచేసిన పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ అమర్చిన కణశోధకాలూ (రేడియేషన్ కణాలను లెక్కించే పరికరాలు) ఉన్నాయి. ఇంజున్-1 (Injun) ఉపగ్రహం కొలతలు పట్టుకుని వాన్ ఆలెన్, పేలుడుతో ఏర్పడిన కృత్రిమ రేడియేషన్ వలయం తీవ్రతను తక్కువగా లెక్కగట్టారు. కానీ ఇంజున్ తిరిగేది సుమారు 1,000 కిలోమీటర్ల లోపే; టెల్‌స్టార్ 5,600 దాకా వెళ్లేది. పై ఎత్తుల కొలతలనూ కలుపుకున్న నాసా శాస్త్రవేత్త విల్మట్ హెస్‌కు అంతకన్నా చాలా ఎక్కువ తేలింది.

నవంబరులో టెల్‌స్టార్ ఆదేశాలు అందుకోవడం మానేసింది. ఇంజనీర్లు అలాంటి ట్రాన్సిస్టర్లనే ప్రయోగశాలలో రేడియేషన్‌కు గురిచేసి, జబ్బేమిటో కనిపెట్టి, జనవరిలో దాన్ని మళ్లీ పనిచేయించారు. 1963 ఫిబ్రవరి 21న అది శాశ్వతంగా మూగబోయింది. బ్రిటన్ ఉపగ్రహం ఏరియల్-1 సౌరఫలకాలూ దెబ్బతిన్నాయి. పేలుడు వదిలిన ఎలక్ట్రాన్లలో కొన్ని ఐదేళ్ల దాకా తిరుగుతూనే ఉన్నాయి.

అంతరిక్షంలో అణుపరీక్షలను 1963 ఒప్పందం, కక్ష్యలో అణ్వాయుధాలను 1967 ఒప్పందం నిషేధించాయి. రెండింటి మీదా మాస్కో సంతకం ఉంది. రెండో నిషేధాన్ని పునరుద్ఘాటించే తీర్మానం 2024 ఏప్రిల్ 24న భద్రతా మండలికి వస్తే, 13 దేశాలు సమర్థించాయి, చైనా తటస్థంగా ఉంది, రష్యా వీటో చేసింది. నిషేధిస్తే అన్ని రకాల ఆయుధాలనూ నిషేధించాలన్నది దాని వాదన.