ఒక్క గీత పడకపోయినా పెళ్లి డీవీడీ ఎందుకు ఆడదు? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కంప్యూటర్లు రిపేర్ చేస్తాను. ఈ మధ్య పెళ్లి డీవీడీలు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. డిస్కు గురించి వాళ్లు నమ్మే కొన్ని మాటల వల్లే అవి పాడవుతున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: డేటా అంతా మెరిసే వైపు పైపైనే ఉంటుంది, గీత పడితే పోయినట్టే.

వాస్తవం: 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండు అతికిస్తే ఒక డీవీడీ. డేటా ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. ఎర్ర లేజర్ కింది బిళ్లను దాటి వెళ్లి లోపలి పొర మీద ఫోకస్ అవుతుంది కాబట్టి పైన సన్న గీత ఉన్నా చాలాసార్లు పని నడుస్తుంది, కళ్లద్దాల మీద కాస్త దుమ్మున్నా ఎదుటి మనిషి కనబడ్డట్టు. పైగా తప్పులు దిద్దుకోవడానికి అదనపు సమాచారం కూడా డిస్కులోనే రాసి ఉంటుంది. సీడీ అలా కాదు, దాని డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది, లేబుల్ వైపు గీకితే పొరే లేచిపోతుంది.

అపోహ: టూత్‌పేస్ట్ రాసి గుండ్రంగా రుద్దితే బాగవుతుంది.

దయచేసి రుద్దకండి. ట్రాక్ లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది, చుట్టకూ చుట్టకూ మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. గుండ్రంగా పడిన గీత ఒకే ట్రాక్ వెంట చాలా దూరం పోతుంది, అంత పొడుగు తప్పును డ్రైవ్, అంటే డిస్కు చదివే పరికరం, దిద్దుకోలేదు. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, చాలు.

పోయిన నెల దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. తలంబ్రాల దాకా ఆడి అప్పగింతల దగ్గర ఆగిపోతోందట. "ఆడ మా నాయిన ఉంటడు బిడ్డా, అదొక్కటి తియ్యి" అంది. ట్యూబులైట్ కింద వంచి చూస్తే ఒక్క గీత లేదు, కానీ డిస్కు కింది వైపు ఊదారంగు అంచు దగ్గర వెలిసిపోయి ఉంది. డిస్కు మధ్యలోంచి రాసుకుంటూ వస్తుంది కాబట్టి చివరి ఘట్టాలు అంచు వైపే ఉంటాయి, అంచే ముందు దెబ్బ తింటుంది. రెండు డ్రైవ్‌లు చదవలేదు, ఒక పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో వేగం తగ్గించి పెడితే సాయంత్రానికి ఆ ముక్క వచ్చింది.

ఇక్కడే అందరూ పొరబడేది: కంపెనీ సినిమా డిస్కూ, మనం రాయించుకున్న డిస్కూ ఒకటే అనుకుంటారు. సినిమా డిస్కులో గుంటలు అచ్చుతో ఒత్తుతారు. మనం రాయించుకునే డిస్కులో (దీన్నే డీవీడీ-ఆర్ అంటారు) గుంటలుండవు, ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ వేడికి ఆ రంగు మారిన చోటే డేటా. ఎండకూ వేడికీ ఆ రంగు మెల్లగా చెడిపోతుంది. మన మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీదో, కిటికీ పక్కనో ఉంచిన డిస్కు గీత పడకుండానే పోతుంది.

డిస్కు మీద 4.7 జీబీ అని రాసి కంప్యూటర్‌లో 4.37 చూపిస్తే మోసమని కొందరు గొడవ పడతారు. మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

కాబట్టి డిస్కు చెడిపోకముందే వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పెట్టుకోవచ్చు. డిస్కు తెరిచి వీడియో ఉండే వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్ మొత్తం హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి, ఇంకో కాపీ వేరే చోట ఉంచండి. మధ్యలో ఆగితే అదే డ్రైవ్‌లో పదిసార్లు తిప్పకండి, వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి.