వేలి కీలు మరచిపోని చక్కెర

ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ఆమెకు 59 ఏళ్లు. కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ చివరి గణుపుల దగ్గర శనగగింజంత బుడిపెలు లేచాయి. పచ్చడి సీసా మూత తిప్పాలంటే నొప్పి. ఉంగరపువేలి నడిమి గణుపు లావెక్కి పెళ్లినాటి ఉంగరం బయటికి రావడం లేదు. డాక్టరు ఎక్స్‌రేతో పాటు మూడు నెలల షుగర్ పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష కూడా రాశారట. "మోకాళ్లు ఒంటి బరువు మోస్తాయి కాబట్టి అరుగుతాయి. నేను చేతుల మీద నడవను కదా! పైగా సన్నగానే ఉంటాను. వేళ్లకూ షుగరుకూ ఏమిటి సంబంధం?" అని ఆమె ప్రశ్న.

పరిశోధకులను తికమక పెట్టిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. మోకాలిని చూసినంతకాలం బరువు ఒక్కటే అన్నింటికీ జవాబులా కనిపించింది. ఆ జవాబు చేతివేళ్ల దగ్గర నిలబడలేదు. లావుగా ఉన్నవారికి చేతికీళ్ల ఆస్టియో ఆర్థ్రైటిస్ (గుజ్జు అరగడమని మనం అనే జబ్బు) వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2010లో తేల్చింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 6,600 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2014లో ఇంకా ఆసక్తికరమైన సంగతి చెప్పింది. మోకాలి విషయంలో బరువుదే పైచేయి. చేతి విషయంలో మాత్రం, బరువు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా మెటబాలిక్ సిండ్రోమ్‌తో ముడి అలాగే మిగిలింది. పెరిగిన నడుము, రక్తపోటు, షుగరు, ట్రైగ్లిజరైడ్లు, తగ్గిన మంచి కొలెస్ట్రాల్: వీటిలో కనీసం మూడు ఒకే మనిషిలో కలిసి ఉండటాన్నే ఆ పేరుతో పిలుస్తారు.

"గుజ్జు అరిగిపోయింది" అనే మాట మనను తప్పుదారి పట్టించిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ మాట వినగానే సైకిలు టైరు గుర్తుకొస్తుంది. వాడితే అరుగుతుంది, వాడకపోతే మిగులుతుంది అనుకుంటాం. మెటికలు విరిస్తే కీళ్లు పాడవుతాయనే భయమూ అక్కడినుంచి పుట్టిందే. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడు యాభై ఏళ్లపాటు రోజూ ఎడమచేతి మెటికలు మాత్రమే విరిచి, కుడిచేతిని వదిలేసి, రెండు చేతుల్లోనూ కీళ్ల జబ్బు లేదని 1998లో ప్రకటించాడు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. అయినా మనవళ్లకు దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచే అమ్మమ్మలు, తమ వేళ్ల గురించి దిగులు పడనక్కరలేదు.

కీలు జీవమున్న కణజాలం. రక్తంలో తిరిగేవన్నీ దాన్ని తాకుతాయి. కొవ్వు కూడా వట్టి మూట కాదు, లెప్టిన్ వంటి రసాయనాలను రక్తంలోకి వదిలే అవయవం. లెప్టిన్ పుట్టని ఎలుకలు విపరీతంగా లావెక్కినా వాటి మోకాళ్లలో ఆర్థ్రైటిస్ పెరగలేదని 2009లో అమెరికాలో గమనించారు. బరువు అంతా ఉంది, జబ్బు లేదు!

నన్ను అన్నింటికంటే పట్టేసిన సంగతి మాత్రం చక్కెరది. పెనం మీద దోసె ఎర్రబడటం చూస్తాం. పాలు మరిగి మరిగి కోవా రంగు తిరగడం చూస్తాం. రెండుచోట్లా చక్కెరలు వెళ్లి ప్రొటీన్లకు అతుక్కుంటాయి. ఫ్రెంచి రసాయనవేత్త మయార్ 1912లో వివరించిన ఈ చర్యే మన ఒంట్లో కూడా, 37 డిగ్రీల దగ్గర, దశాబ్దాల తరబడి అతి నెమ్మదిగా సాగుతుంది. గ్లూకోజు ప్రొటీనులోని అమైనో కొసను పట్టుకుని మొదట షిఫ్ బేస్ అనే వదులైన బంధం అవుతుంది. అది తిరిగి విడిపోగలదు. తరువాత సర్దుకుని అమడోరి పదార్థమవుతుంది. హీమోగ్లోబిన్ మీద దీన్ని కొలవడమే ఆ మూడు నెలల పరీక్ష. ఇంకా ముదిరితే ప్రొటీన్లలోని లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల మధ్య పెంటోసిడిన్ వంటి వంతెనలు పడతాయి. ఒకసారి పడిన వంతెన ఇక విడదు.

ఎర్రరక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది పలక మీది రాత. నాలుగు నెలల్లో తుడిచిపెట్టుకుపోతుంది. చర్మానికి బలమిచ్చే ప్రొటీను కొల్లాజెన్. అందులో సగం మారడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది. మరి కీలు దగ్గర ఎముకల చివర ఉండే మృదులాస్థిలో, అంటే మనం గుజ్జు అనేదానిలో? 1950, 60 దశకాల అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయి, తిండి ద్వారా అందరి ఒంట్లోనూ చేరింది. ఏ కణజాలం ఏ ఏట తయారైందో ఆ గుర్తుతో చెప్పవచ్చు. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2016లో మోకాలి మృదులాస్థిని అలా పరీక్షించి, అందులోని కొల్లాజెన్ ఎదిగే వయసులో తయారైనదేననీ, ఆ తరువాత దాదాపు మారలేదనీ చూపించారు. అది రాగిరేకు మీది శాసనం. షుగరు ఉన్నట్టు తెలియకముందు గడిచిన ఏళ్లు, మందులు మానేసిన నెలలు, అన్నీ అందులో చెక్కి ఉంటాయి. పసిపిల్లల మృదులాస్థి నీలం ఛాయతో మెరుస్తుంది. ముసలితనంలో పసుపుపచ్చగా, గోధుమరంగుగా తిరుగుతుంది. అచ్చం మన కోవాలాగే.

వంతెనలు పెరిగిన కొల్లాజెన్ బిగుసుకుపోతుంది. ఒత్తిడికి సాగకుండా పగులుతుంది. బొటనవేలితో ఒక కిలో బలంతో నొక్కితే దాని మొదట్లోని కీలు మీద దాదాపు 12 కిలోల బలం పడుతుందని లెక్క, కాబట్టి చేతికీళ్లు బరువు మోయవన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇంకొక దెబ్బ ఉంది. ఆరోగ్యంగా ఉన్న మృదులాస్థి కణం గ్లూకోజు ఎక్కువైనప్పుడు గ్లూట్-1 అనే తన ద్వారాలను తగ్గించుకుంటుంది. జబ్బుపడిన కణం ఆ పని చేయలేక విషపు ఆక్సిజన్ అణువులను పుట్టిస్తుంది.

సన్నగా ఉన్నానన్న ధైర్యం మనకు పనికిరాదు. పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో తమ ఒళ్లనే పోల్చి చూశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు కొలత, 22.3. కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌లో 21.2 శాతం, యుడ్కిన్‌లో 9.1 శాతం.

అయితే ఆ బుడిపెలకు షుగరే కారణమని ఆమెకు నేను రాయలేను. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో మెటబాలిక్ సిండ్రోమ్‌కూ చేతికీళ్లకూ స్పష్టమైన ముడి కనిపించలేదు. వంశపారంపర్యం బలమైనది. తల్లి వేళ్లు ఎలా ఉండేవని అడగాలి. ముట్లు ఆగిన తరువాత ఆడవారిలో ఈ జబ్బు ఎక్కువ. చివరి గణుపుల బుడిపెల గురించి లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ రాసినది 1802లో అచ్చయింది. అందులో ఆయన, వాటికీ గౌట్‌కూ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) సంబంధం లేదని మాత్రమే చెప్పగలిగాడు. ఈనాటికీ వాటిని హెబర్డెన్ బుడిపెలనే అంటారు.

ఆమెను ఒక చిన్న పని చేయమన్నాను: రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, అరచేతులూ వేళ్లూ ఖాళీ లేకుండా కలుస్తున్నాయో లేదో చూడమన్నాను. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో చర్మం, వేళ్లను కదిపే స్నాయువులు బిగిసి మధ్యలో సందు మిగలవచ్చు. అది ఆస్టియో ఆర్థ్రైటిస్ కాదు, వేరే జబ్బు. కానీ దాని మూలంలోనూ ఇదే చక్కెర వంతెన ఉంది. షుగరు అదుపులో పెట్టుకుంటే గుండెకూ మూత్రపిండాలకూ మేలు, కొత్త వంతెనలు నెమ్మదిస్తాయి. లేచిన బుడిపె మాత్రం ఎముక, కరగదు. నొప్పికి పూసే జెల్, వేళ్ల వ్యాయామం, బొటనవేలికి పట్టీ ఉన్నాయి. ఉంగరాన్ని కంసాలి దగ్గర కోయించి, కొలత పెంచి అతికించుకోమని రాశాను.