కుండనీళ్ల మొదటి గుక్క

మే నెల మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చిన మనిషి కుండలో నీళ్లు ముంచుకుని మొదటి గుక్క తాగినప్పుడు కలిగే హాయిని డిసెంబరులో అదే కుండ ఇవ్వలేదు. గ్లాసు అదే, నీళ్లూ అవే. మారింది ఒళ్లు.

మిషెల్ కబనాక్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఈ తేడాను పట్టుకుని 1971లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆయన ప్రయోగం చాలా సాదాది. మనిషిని నీళ్లతొట్టిలో కూర్చోబెట్టి, ఆ నీటితో ఒంటి వేడిని కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తారు. తర్వాత ఒక చేతిని వేరే నీళ్లలో ముంచమని, హాయిగా ఉందా ఇబ్బందిగా ఉందా అని అడుగుతారు. ఒళ్లు వేడెక్కినవాళ్లకు చన్నీళ్లు హాయిగా తోచాయి. ఒళ్లు చల్లబడినవాళ్లకు అవే చన్నీళ్లు ఇబ్బంది పెట్టాయి, వాళ్లకు వెచ్చదనం కావాలి. ఈ గుణానికి కబనాక్ ‘అలీస్థీసియా’ అని పేరు పెట్టాడు. శరీరాన్ని దాని సమస్థితి వైపు, అంటే వేడీ చలీ ఎక్కువ కాకుండా మామూలుగా ఉండాల్సిన స్థితి వైపు, నడిపించేది ఏదైనా సుఖంగా తోస్తుంది. దూరంగా లాగేది బాధగా తోస్తుంది. సమస్థితి చేరుకోగానే ఆ సుఖం ఆగిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ చివరి మాటే. రెండో గ్లాసు నీళ్లు మొదటి గ్లాసంత రుచిగా ఎందుకుండవో, చన్నీళ్ల స్నానంలో మొదటి చెంబుకే ఒళ్లు ఎందుకు పులకరిస్తుందో దానితో తెలిసిపోతుంది. సుఖం చేరుకున్న చోట లేదు, తిరిగి వచ్చే దారిలో ఉంది. వేసవిలో మన ఒళ్లు రోజుకు ఎన్నోసార్లు సమస్థితి తప్పుతుంది, ఎన్నోసార్లు తిరిగి వస్తుంది. అందుకే ఇన్ని చిన్న చిన్న సుఖాలు దొరికే కాలం మరొకటి లేదని నా నమ్మకం. అయితే ఇవన్నీ క్షణాల్లో ముగిసిపోతాయి. ఆ క్షణంలో మనసు అక్కడ లేకపోతే వచ్చిన సంగతి కూడా తెలియదు.

చర్మం పనిచేసే తీరు కూడా ఇలాగే ఉంటుంది. చలిని గుర్తించే నాడీకణాల్లో టీఆర్‌పీఎం8 అనే ప్రోటీన్ ఉందని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ వేర్వేరుగా కనిపెట్టారు. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాలపై చేసిన కృషికి 2021లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ నాడులు ఉష్ణోగ్రత ఎంత ఉందన్న దానికంటే ఎంత వేగంగా పడిపోతోందన్న దానికి ఎక్కువగా స్పందిస్తాయి. చల్లదనం తగలగానే గట్టిగా మోగి, కాసేపటికి తగ్గిపోతాయి. ఒకే వేగంతో తిరిగే ఫ్యాను గాలిని పావుగంటలో మర్చిపోతాం. వేపచెట్టు కింద ఆగి ఆగి వీచే గాలి మాత్రం వచ్చిన ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంది. ముక్కుదీ అదే స్వభావం. జడలో మల్లెలు తురుముకున్న మనిషికి కాసేపటికి ఆ పరిమళం తెలియదు, పక్క నుంచి వెళ్లేవాళ్లకు తెలుస్తుంది.

దాహం సంగతి ఇంకా విచిత్రం. తాగిన నీళ్లు పేగుల ద్వారా రక్తంలో కలిసి, రక్తపు చిక్కదనం తగ్గడానికి చాలా నిమిషాలు పడుతుంది. కానీ దాహం తీరిందన్న భావన నిమిషంలోపే కలుగుతుంది. 2016లో జాకరీ నైట్ బృందం ఎలుకల మెదడులో దాహం పుట్టించే నాడీకణాలను గమనించింది. నీళ్లు నాలుకకు తగిలి గొంతు దిగుతుండగానే, రక్తంలో ఏ మార్పూ రాకముందే, అవి సద్దుమణిగాయి. నోరు చల్లబడటం ఒక్కటే వాటిని కొంతవరకు శాంతింపజేసింది. ఎలుకల్లో చూసినదంతా మనుషులకు అచ్చంగా వర్తిస్తుందని అనలేం. కానీ మొదటి గుక్కలో అంత తృప్తి ఎక్కడి నుంచి వస్తుందో ఇది కొంత చెబుతుంది. రాబోయే నీటిని మెదడు ముందే లెక్కకట్టి ఊరట ఇచ్చేస్తోంది.

ఇక ఏసీ గది. 1970లో డెన్మార్క్ ఇంజనీరు ఓలే ఫాంగర్ మనిషికి వేడీ చలీ తెలియని మధ్యస్థ స్థితిని సమీకరణాల్లో పెట్టాడు. ప్రపంచంలోని ఏసీ భవనాలు చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. రోగులకు, పసిపిల్లలకు, వయసు మళ్లినవాళ్లకు ఏసీ ప్రాణం నిలిపే వస్తువు. దాన్ని తప్పుపట్టను. కానీ ఒళ్లు సమస్థితి తప్పకుండా రోజంతా కాపాడే గదిలో, సమస్థితికి తిరిగి వచ్చే సుఖానికి చోటుండదు. మన ఒళ్లు ఎంత వేడికి అలవాటు పడగలదో చెప్పే మంచి పరిశోధన హైదరాబాదులోనే జరిగింది. 2008 వేసవిలో మాధవి ఇంద్రగంటి ఏసీ మీద ఆధారపడని అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లను నెలల తరబడి అడిగి చూశారు. అప్పటి భారతీయ ప్రమాణాలు 23 నుంచి 26 డిగ్రీలను సుఖం అంటుంటే, ఈ ఇళ్లలో జనం సుమారు 26 నుంచి 32 డిగ్రీల దాకా సుఖంగానే ఉన్నామన్నారు. వాళ్లు ఊరికే ఓర్చుకోవడం లేదు. కిటికీలు తెరవడం, మూయడం, పలచని నూలు బట్టలు కట్టుకోవడం, వరండాలోకి జరగడం, ఇలా వేడికి తగ్గట్టు రోజంతా ఏదో ఒక చిన్న సర్దుబాటు చేసుకుంటూనే ఉంటారు.

ఆ సర్దుబాట్లలో అన్నిటికంటే గొప్పది చెమట. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరిపోతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లో ఆరు గంటలకు పైగా పుట్టే వేడి అది. కుండ నీళ్లను చల్లబరిచేదీ ఈ సూత్రమే. మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ఊరి, ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. గాలి పొడిగా ఉన్నచోట ఇది బాగా సాగుతుంది. అందుకే రామగుండంలో, నిజామాబాదులో కుండనీళ్లు ఉన్నంత చల్లగా కాకినాడలో ఉండవు. సముద్రం పక్కన గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, కుండా ఆరదు, ఒళ్లూ ఆరదు. ఉక్కపోత అంటే అదే. కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిపోయే చెమటే చల్లబరుస్తుంది.

ఇంత ఏర్పాటు ఒంట్లో జరుగుతున్నా మనం గమనించం. ఎందుకంటే ఆ సమయంలో మనసు మరెక్కడో ఉంటుంది. 2010లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మంది పెద్దలను ఫోను ద్వారా రోజులో ఏదో ఒక వేళ పలకరించి మూడు సంగతులు అడిగారు. ఇప్పుడేం చేస్తున్నారు, మనసు చేస్తున్న పని మీదే ఉందా, ఎంత సంతోషంగా ఉన్నారు. దాదాపు 47 శాతం సమాధానాల్లో మనసు పని మీద లేదు. అలా లేనప్పుడు సంతోషం తక్కువ. ఇష్టమైన విషయం గురించి ఆలోచిస్తున్నప్పుడు కూడా, చేస్తున్న పనిలో మనసు పెట్టినప్పటి కంటే ఎక్కువ సంతోషం కనిపించలేదు. ఊహల్లో తేలడమే తప్పని దీనికి అర్థం కాదు. కొత్త ఆలోచనలు పుట్టేది చాలాసార్లు అక్కడే. కానీ కుండనీళ్లు తాగే అర నిమిషం కూడా రేపటి పనులకే ఇచ్చేయడం నష్టమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఎరుకను, అంటే ఉన్న క్షణం మీద మనసు నిలపడాన్ని, నేర్పించవచ్చని ఆధునిక వైద్యానికి చూపించినవాడు జాన్ కబాట్‌జిన్. 1979లో ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో, మందులతో తగ్గని నొప్పులతో బాధపడేవారికి బౌద్ధ ధ్యానం ఆధారంగా ఒక శిక్షణ మొదలుపెట్టాడు. అందులో బాగా పేరు పొందిన అభ్యాసం ఎండుద్రాక్ష తినడం. ఒకే ఒక్క ఎండుద్రాక్షను చేతిలో పెట్టుకుని, చూసి, తాకి, వాసన చూసి, చివరికి మెల్లగా నమలాలి.

మనకు ఎండుద్రాక్ష అక్కరలేదు, తాటిముంజ ఉంది. రోడ్డు పక్కన కత్తితో తాటికాయ తల నరికి, బొటనవేలితో ముంజలు ఊడదీసి తాటాకులో పెట్టి ఇస్తారు. కాయకు మామూలుగా మూడు. పైన లేత పసుపు పొర ఉంటుంది, కాస్త వగరు. గోటితో ఒక అంచు లేపితే కొంత దూరం చక్కగా వచ్చి తెగిపోతుంది, మళ్లీ ఇంకో అంచు వెతుక్కోవాలి. లోపల పాలగాజులాంటి తెలుపు, వేళ్ల మధ్య జారిపోయే మెత్తదనం. మధ్యలో నీళ్లుంటాయి కాబట్టి ఆదమరిచి కొరికితే చొక్కా మీద పడతాయి. చొక్కా తడవకుండా తినాలంటే ముంజను పెదవులకు ఆనించి, చిన్న గాటు పెట్టి, ముందు నీరు పీల్చుకుని తర్వాత కండ తినాలి. ఆ తియ్యదనం పెద్దది కాదు. వెతికితేనే తెలిసేంత. ఒక చేత్తో ఫోను పట్టుకుని ముంజ తినడం ఎవరికీ సాధ్యం కాదు. కబాట్‌జిన్ శిష్యులకు గురువు చెప్పాల్సిన మాటను ఇక్కడ కాయే చెబుతుంది.

ఇక ఏకాంతం. వేసవి మధ్యాహ్నం రెండింటికి వీధంతా ఖాళీ. తలుపులు దగ్గరగా వేసి ఉంటాయి, ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటారు. భోజనం తర్వాత వచ్చే ఈ మగతకు తిన్న అన్నం ఒక్కటే కారణం కాదు. మన జీవగడియారంలో ఆ వేళకు మెలకువ కాస్త తగ్గడం సహజంగానే ఉంది. దూరంగా కోయిల కూస్తుంది. మగకోయిల అది. ఆ కాలంలోనే కాకులు గూళ్లు కట్టుకుంటాయి, ఆడకోయిల ఆ గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఇంట్లో మెలకువగా ఉన్న ఒక్క మనిషికి ఆ గంట మొత్తం సొంతం.

ఆ గంట అందరికీ ఇష్టంగా ఉండదు. 2014లో తిమోతీ విల్సన్ బృందం కొందరిని ఖాళీ గదిలో ఒంటరిగా పావుగంట కూర్చోబెట్టింది. చేతిలో ఏమీ లేదు. కావాలంటే తమకు తాము చిన్న కరెంటు షాకు ఇచ్చుకునే మీట మాత్రం ఉంది. అంతకు ముందు ఆ షాకు రుచి చూసి, అది తప్పించుకోవడానికి డబ్బైనా ఇస్తామన్న మనుషులు వాళ్లు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది ఆ మీట నొక్కారు. తన ఆలోచనలతో తాను ఉండటం అంత కష్టమా అని బాధేస్తుంది.

2018లో థూయ్ వీ న్యూయెన్, రిచర్డ్ రయాన్, ఎడ్వర్డ్ డెసీ ప్రచురించిన ప్రయోగాలు దీనికి మరో పక్క చూపించాయి. పావుగంట ఒంటరితనంలో ఉద్వేగాల జోరు తగ్గుతుంది. కోపం, ఆందోళన తగ్గినట్టే ఉత్సాహం, ఉబలాటం కూడా తగ్గుతాయి. మనసు చప్పబడినట్టు మొదట అనిపించేది అందుకే. తానుగా కోరుకుని ఒంటరిగా కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ నెమ్మది ప్రశాంతతగా మారింది. ఏకాంతానికీ ఒంటరితనానికీ మధ్య గీత అక్కడే ఉందని నాకు తోస్తుంది. ఇష్టపడి కూర్చుంటే ఒకటి, ఎవరూ లేక కూర్చుంటే ఇంకొకటి. పిల్లలు విదేశాల్లో ఉండి, పెద్ద ఇంట్లో మిగిలిపోయిన తల్లిదండ్రులకు ఏకాంతపు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు. వాళ్లకు కావాల్సింది ఫోను మోగడం.

రాత్రికి డాబా మీద పడక. పగలంతా ఎండ తాగిన స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య గాలి ఈ కిరణాలను పెద్దగా అడ్డుకోదు. మబ్బు, తేమ లేని రాత్రి వేడి త్వరగా పోతుంది. మబ్బు పట్టిన రాత్రి డాబా అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటుంది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి, అది ఎక్కువగా అరచేతులు, అరికాళ్ల చర్మం ద్వారా బయటికి పోతుంది. నిద్ర త్వరగా పట్టడానికీ కాళ్లూ చేతుల చర్మం వెచ్చబడటానికీ సంబంధం ఉందని 1999లో కుర్ట్ క్రౌషి బృందం ‘నేచర్’ పత్రికలో చూపించింది. దుప్పటి లోంచి పాదాలు బయట పెట్టుకుని పడుకోవడం అందరికీ తెలిసిన అలవాటే. తెల్లవారుజామున గాలి చల్లబడ్డాక అవే పాదాలను లోపలికి లాక్కున్నప్పుడు కలిగే సుఖం కూడా కబనాక్ చెప్పినదే, దిశ మాత్రం తారుమారైంది.

ఇదంతా తిరిగి వచ్చే దారి ఉన్నవాళ్ల మాట. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండలకు ఎక్కువగా బలయ్యేది పొలాల్లో, రోడ్ల మీద పనిచేసే కూలీలు, వృద్ధులు. వయసుతోపాటు దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది. ముసలివాళ్లు అడగకపోయినా నీళ్లు, మజ్జిగ అందించాలనేది అందుకే. సమస్థితికి తిరిగి చేర్చే నీడ, నీళ్లు, పని మధ్య విరామం లేనప్పుడు వేడిలో సుఖం లేదు, ప్రమాదమే ఉంది. రేకుల కప్పు కింద ఒక్క గదిలో ఉండే కుటుంబానికి పగలు ఎంత కష్టమో రాత్రీ అంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో శీతల పైకప్పుల విధానం తెచ్చింది. తెల్లగా సున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో వేసిన కప్పు తాకిన వెలుగులో చాలా భాగాన్ని వెనక్కి పంపేస్తుంది, గది వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఖర్చు ఏసీ ఖర్చులో చిన్న వంతు. ఏప్రిల్ ఎండలు ముదిరాక కప్పెక్కి పనిచేయడం ఆ కూలీకే ముప్పు కాబట్టి, సున్నం మార్చిలోనే వేయించాలి.