కూలకముందే పగిలి ఉండే గోడ

"సినిమా గ్రాఫిక్స్‌లో గోడ కూలితే ముక్కలన్నీ ఒకే పోలికతో ఉంటాయెందుకండీ? మా పాత మండువా లోగిలి పడగొట్టినప్పుడు అలా లేదే!" అని రాజోలు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే.

గురుత్వాకర్షణ, న్యూటన్ సూత్రాలు బడిలో చదివినవే, వాటి జోలికి పోను. అసలు కిటుకు వేరే ఉంది. కంప్యూటర్లో చాలా గోడలు బంతి తగిలాక పగలవు. ముందే కోసి, ముక్కల్ని తిరిగి అతికించి నిలబెడతారు. దెబ్బ ఒక హద్దు దాటితే అతుకు వీడుతుంది.

కోయడమెలా? గోడ నిండా చుక్కలు చల్లుతారు. గోడలోని ప్రతి ఇసుక రేణువూ తనకు దగ్గరున్న చుక్క సొత్తు. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ లంకల్లో జనం దగ్గరి రేవుకే పోతారు కదా, అదే లెక్క. రెండు రేవులకూ సమాన దూరంలో ఉన్న చోట్లను కలిపితే హద్దు వస్తుంది. బడిలో వృత్తలేఖినితో గీయించే లంబ సమద్విఖండన రేఖ ఇదే. దేనికి పనికొస్తుందో మాత్రం మాస్టార్లు చెప్పరు! ఈ పంపకాన్ని 1908లో లోతుగా పరిశీలించిన గణితవేత్త వొరొనోయ్ పేరే దీనికి పెట్టారు.

రేవులు గుంపుగా ఉంటే ఒక్కోదానికి నాలుగిళ్ళే దక్కుతాయి. బంతి తగిలేచోట చుక్కలు దట్టంగా చల్లితే అక్కడ నుగ్గునుగ్గు, దూరాన పెద్ద పెళ్ళలు. కాలవ గట్టు వెంట నడక సులువు, కాలవ దాటడం కష్టం అనుకోండి. అప్పుడు ఒక్కో రేవు పరిధి గట్టు పొడవునా సాగిపోతుంది. దూరాన్ని అలా ఒక దిక్కున మార్చి కొలిస్తే కర్ర పేళ్ళలాంటి పొడుగు ముక్కలు వస్తాయి.

ఈ పద్ధతిని అందరూ పట్టుకు వేలాడటానికి కారణం అందం కాదు. హద్దులన్నీ తిన్నగా ఉండి, ముక్క మొత్తం ప్రతి హద్దుకూ ఒకే పక్కన ఉంటుంది కాబట్టి ప్రతి ముక్కా కుంభాకారమే, లోపలికి నొక్కుకుపోయిన చోటు ఉండదు. అలాంటి రెండు ముక్కలు గుద్దుకున్నాయో లేదో తేల్చడానికి 1988లో గిల్బర్ట్, జాన్సన్, కీర్తి అనే పరిశోధకులు ఒక చక్కని దారి చూపారు. మొదటి ముక్కలోని ప్రతి బిందువు నుంచి రెండో ముక్కలోని ప్రతి బిందువునూ తీసివేస్తే కొత్త ఆకారం వస్తుంది. మూలబిందువు దానిలో ఉంటే రెండు ముక్కలూ తగిలినట్టే. ఆ ఆకారాన్ని మొత్తం కట్టక్కర్లేదు, కొన్ని కొసలు తడిమితే చాలు. అయినా 1,000 ముక్కలకు 4,99,500 జతలు! అందుకే ముందు ఒక్కో ముక్క చుట్టూ పెట్టె గీసి, పెట్టెలు తాకని జతల్ని ఏరిపారేస్తారు.

టైమింగ్ మరో తలనొప్పి. సెకనుకు 24 బొమ్మలు, బంతి వేగం 30 మీటర్లు అయితే బొమ్మకీ బొమ్మకీ మధ్య బంతి 1.25 మీటర్లు దూకుతుంది. తొమ్మిదంగుళాల గోడకు ఇవతల ఉన్నది అవతల తేలుతుంది, గోడ చెక్కు చెదరదు. ఆ వ్యవధిని పది భాగాలు చేస్తే దూకుడు 12.5 సెంటీమీటర్లకు తగ్గి దొరికిపోతుంది.

నిజంగా పగిలే వస్తువుకు ఈ చుక్కలతో పని లేదు. పగులు సాగితే విడుదలయ్యే శక్తి, కొత్త ఉపరితలం ఏర్పడటానికి కావలసిన శక్తికి సరిపోతేనే అది ముందుకెళ్తుందని 1921లో ఇంజనీరు గ్రిఫిత్ చెప్పాడు. మనవైపు నల్లమట్టి ఎండకు కుంచించుకుని పునాది కుంగితే, కిటికీ మూల నుంచి ఐమూలగా గోడ బీటలిస్తుంది. వెంటనే వాస్తు సిద్ధాంతికి ఫోన్! ఒత్తిడి పోగయ్యేదే మూలలో, ఈశాన్యమైనా నైరుతైనా ఒకటే. వస్తువును చిన్న చతుర్ముఖులుగా (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ముక్కలుగా) విడగొట్టి, ఒత్తిడి లెక్కగట్టి, పగులును దాని దారిన పోనిచ్చే పద్ధతిని 1999లో గ్రాఫిక్స్ పరిశోధకులు ఓబ్రయన్, హాడ్జిన్స్ చూపించారు. ఫలితం అద్భుతం, కానీ లెక్క బరువు.

ఇక మండువా లోగిలి సంగతి. సున్నపు అతుకు ఇటుక కంటే బలహీనం, అందుకే బీట చాలామటుకు ఇటుకను చీల్చకుండా అతుకుల వెంట మెట్లుమెట్లుగా దిగుతుంది. ఇటుకల వరస పట్టించుకోకుండా చుక్కలు చల్లితే ఆ మెట్లు రావు. ఈసారి సినిమాలో గోడ కూలేటప్పుడు ఆపి చూడండి. పెద్ద పెళ్ళల అంచులన్నీ కత్తితో కోసినంత తిన్నగా ఉండి, ఒక్కదానికీ లోపలికి నొక్కు లేకపోతే అది బహుశా వొరొనోయ్ కోతే.