చిన్నప్పటి కలలు, పెద్దయ్యాక ఉద్యోగాలు: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా హైదరాబాద్‌లో కెరీర్ కౌన్సెలర్లకి ఊపిరి సలపదు. పదో తరగతి ఫలితాలు, ఇంటర్ ఫలితాలు, ఎప్‌సెట్, నీట్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి. నారాయణగూడలో నా గదికి వచ్చే తల్లిదండ్రులు కుర్చీ లాక్కుంటూనే "ఏ గ్రూపు బెటర్ మేడం?" అని అడుగుతారు. నేను పిల్లల వైపు తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. చిన్నప్పుడు ఏమవుతానని చెప్పేవాడివి? ఎప్పుడు, ఎవరి మాట మీద మానుకున్నావు? మొదటిదానికి నవ్వుతూ జవాబు చెప్పేస్తారు. రెండోదానికి తడుముకుంటారు. మానుకున్న సంగతే చాలామందికి గుర్తుండదు. ఉద్యోగం మారాలని వచ్చే ముప్పై దాటిన ఐటీ వాళ్లదీ ఇదే వరస.

ఈ గదిలో నేను వినే మాటల్లో కొన్ని శుద్ధ తప్పులు, కొన్ని ఒకప్పటి నిజాలు, మిగతావి సగం నిజాలు. ఆ సగం నిజాలతోనే తంటా ఎక్కువ.

అపోహ: పోటీలో నెగ్గలేకే చాలామంది చిన్ననాటి కలలు వదులుకుంటారు.

వాస్తవం: ర్యాంకు రాక ఆగిపోయినవాళ్లు నలుగురి కళ్లలో పడతారు కాబట్టి అలా అనిపిస్తుంది. అసలు చాలా కలలు హాల్‌టికెట్ దాకా కూడా వెళ్లవు. ఇంట్లో అన్నాల దగ్గర, పెళ్లిళ్లలో చుట్టాల మధ్య, ఎవరో నవ్వడంతోనే ఆగిపోతాయి.

దీని మీద అమెరికాలో లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ఒక సిద్ధాంతం రాశారు. మా వృత్తిలో ఇప్పటికీ పనికొచ్చేవాటిలో అదొకటి. ఆవిడ చెప్పింది ఏమిటంటే, పిల్లలు ఉద్యోగాన్ని ఎంచుకోవడం కన్నా చాలా ముందే, వద్దనుకున్నవాటిని ఏరి పక్కన పడేయడం మొదలుపెడతారు. మూడు నుంచి ఐదేళ్ల వయసులో పెద్దవాళ్లు చేసే పని ఏదైనా గొప్పే. ఆరు నుంచి ఎనిమిదేళ్లకి 'ఇది మగవాళ్ల పని, ఇది ఆడవాళ్ల పని' అని సగం లిస్టు పోతుంది. తొమ్మిది నుంచి పదమూడు మధ్య పరువు లెక్కలు వచ్చి ఇంకొంత పోతుంది. పద్నాలుగు దాటాక గానీ 'నాకు నిజంగా ఏది నప్పుతుంది' అన్న ఆలోచన మొదలవదు. అంటే సొంతంగా ఆలోచించే వయసు వచ్చేసరికి చేతిలో మిగిలేవి నాలుగైదు పేర్లు. మన ఇళ్లలో అయితే రెండు: ఎంపీసీ, బైపీసీ.

అందుకే నేను పిల్లలకి తెల్ల కాగితం ఇచ్చి, ఊహ తెలిసినప్పటి నుంచి ఏమేం అవ్వాలనుకున్నారో అన్నీ రాయమంటాను. వదిలేసినవాటిని కొట్టేసి, పక్కన కారణం రాయాలి. మల్కాజిగిరి నుంచి వచ్చిన ఒక పదో తరగతి అమ్మాయి అందరికన్నా పైన 'రైలు డ్రైవర్' అని రాసి, వెంటనే చేత్తో కప్పేసుకుంది. వాళ్ల ఇల్లు స్టేషన్‌కి దగ్గర. పక్కనే కూర్చున్న తల్లి తొంగి చూసి, "అది చిన్నప్పటి మాట, అదెందుకు రాశావే?" అంది. కారణం గడిలో ఆ అమ్మాయి రాసింది రెండే మాటలు: "అమ్మ నవ్వింది." తల్లికి ఆ నవ్వు గుర్తే లేదు. "నేనా? ఎప్పుడు?" అని ఆవిడ, "రెండో క్లాసులో" అని పిల్ల.

ఆడవాళ్లు రైలు నడపరనే ఇద్దరూ అనుకుంటున్నారు. మహారాష్ట్రకి చెందిన సురేఖా యాదవ్ 1980ల చివర్లోనే ఆ ఉద్యోగంలో ఉన్నారు. పదో తరగతి తర్వాత ఐటీఐ గానీ పాలిటెక్నిక్ డిప్లొమా గానీ ఉంటే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాసుకోవచ్చు. ఆ అమ్మాయి చివరికి ఎంపీసీలోనే చేరింది, అందులో తప్పేమీ లేదు. తెలిసి కొట్టేస్తే నాకు అభ్యంతరం లేదు. తెలియకుండా కొట్టేసినదాన్ని మాత్రం ఒకసారి మళ్లీ తెరిచి చూడమంటాను.

అపోహ: కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరు.

వాస్తవం: బేగంపేట చుట్టుపక్కల పెరిగిన ముప్పై దాటినవాళ్లలో పైలట్ అవ్వాలనుకోనివాళ్లు నాకు అరుదుగా తగిలారు. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కి తరలిపోయేదాకా మిద్దెల మీద నిలబడి చూసిన తరం అది. వాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: "సైట్ వచ్చింది కదా మేడం."

కమర్షియల్ పైలట్ లైసెన్సుకి కళ్లజోడు అడ్డు కాదు. అద్దాలతో చూపు నిర్ణీత స్థాయికి వస్తే పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ వైద్య పరీక్ష పాసవ్వొచ్చు. రంగులు గుర్తుపట్టలేకపోవడమే అసలు చిక్కు. ఎయిర్‌ఫోర్స్ నిబంధనలు వేరు, అక్కడ పట్టింపు చాలా ఎక్కువ. రెండింటినీ కలిపేయడంతోనే ఈ అపోహ పుట్టింది. తమాషా ఏమిటంటే, అద్దాలు లేకుండా రెండు కళ్లకీ పూర్తి చూపు కావాల్సింది రైలు నడిపేవాళ్లకి.

అసలు అడ్డు డబ్బు. లైసెన్సుకి 200 గంటలు విమానం నడపాలి. ఆ శిక్షణకి ఫీజులన్నీ కలిపి అర కోటి దాకా, ఆ పైన కూడా అవుతుంది. అందుకే పైలట్ అంటున్న పిల్లల తల్లిదండ్రులకి నేను మొదట చెప్పేది: అకాడమీకి అడ్వాన్స్ కట్టకముందే డీజీసీఏ వైద్య పరీక్షల్లో మొదటిదైన క్లాస్ 2 చేయించండి, వీలైతే క్లాస్ 1 కూడా. లక్షలు కట్టాక వైద్య పరీక్షలో ఆగిపోయినవాళ్లని చూశాను. ఫిజిక్స్, మ్యాథ్స్ లేకుండా ఇంటర్ చదివినవాళ్లు ఆ రెండూ ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చు. మూడేళ్లు డిగ్రీ చదివాక ఈ ముక్క తెలిసి తల పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: మా రోజుల్లో అవకాశం లేదు, అంటే ఇప్పుడూ లేదు.

వాస్తవం: ఇది పైకి ఎవరూ అనరు, కానీ పెద్దవాళ్ల సలహాల్లో సగం దీని మీదే నిలబడతాయి. ఆడపిల్లలు యుద్ధవిమానం నడపరన్నది ఒకప్పుడు నిజమే. 2016 జూన్‌లో మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా బయటికి వచ్చారు. సైనికాధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లోకి 2022 నుంచి అమ్మాయిల్ని తీసుకుంటున్నారు. నీట్‌కి గరిష్ఠ వయోపరిమితి 2022లో తీసేశారు. ఎంపీసీ చదివినవాళ్లు బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసై నీట్ రాయొచ్చని 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. బాబాయి చెప్పిన రూల్ బాబాయి కాలానిది. ఏ సంవత్సరం రూలో అడగండి, చాలు.

అవకాశం ఉంది అంటే వెళ్లమని కాదు. ముప్పై రెండేళ్ల వ్యక్తి ఎంబీబీఎస్‌లో చేరితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. పీజీకి ఇంకో మూడేళ్లు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను, ఆ తర్వాత వాళ్ల ఇష్టం.

అపోహ: బైపీసీ తీసుకుని డాక్టర్ కాకపోతే అంతా వేస్ట్.

వాస్తవం: నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో రెండోసారీ మూడోసారీ కూర్చునే పిల్లల్ని ఈ మాటే కూర్చోబెడుతుంది. వ్యవసాయం, పశువైద్యం రెండు యూనివర్సిటీలూ మన రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు. సిటీ బస్సులో ఒక రోజు తిరిగితే కనిపించే చోట్లే ఇవన్నీ. పిల్లవాడికి కావాల్సింది జబ్బు నయం చేయడమా, జీవశాస్త్రమా, తెల్ల కోటా, 'డాక్టర్ గారూ' అని పిలిపించుకోవడమా అన్నది తేలితే సగం దారి దొరికినట్టే. తెల్ల కోటు కోసం వచ్చినవాళ్లని నేను తక్కువ చేయను. ఫిజియోథెరపీలోనూ ఆ కోటు ఉంది.

అపోహ: గొప్పవాళ్లంతా చిన్నప్పుడే లక్ష్యం పెట్టుకున్నారు.

వాస్తవం: మోటివేషన్ క్లాసులవాళ్లు అలా చెబుతారు, వాళ్ల పని అది. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్లకి చిన్నప్పుడు క్రికెట్ పిచ్చి. హైదరాబాద్‌కి ఆడాలి, ఆ తర్వాత బ్యాంకులో ఉద్యోగం చేసుకోవాలి, అంతే ఆయన అనుకున్నది. ఐఐటీ ప్రవేశ పరీక్ష కూడా పాసవలేదు. మణిపాల్‌లో ఇంజనీరింగ్ చదివి 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంది. 1999లో పదహారేళ్లకి మొదటి వన్డేలోనే ఐర్లండ్ మీద సెంచరీ కొట్టింది.

ఇక కలాం గారి కథ. వైమానిక దళానికి ఎనిమిది మంది కావాలి, ఆయనకి తొమ్మిదో స్థానం వచ్చింది. 'కల చెదిరినా కుంగిపోలేదు' అని అక్కడితో ముగిస్తారు. ఆ కథలో నాకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. ఆ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పటికే ఆయన చేతిలో మద్రాస్‌లో చదివిన ఏరోనాటికల్ ఇంజనీరింగ్ ఉంది. అదే ప్రయాణంలో ఢిల్లీలో ఇంకో ఇంటర్వ్యూకి కూడా హాజరయ్యారు. ఆ రెండో ఉద్యోగమే 1958లో ఆయన్ని రక్షణ రంగంలోకి తెచ్చింది, 1982లో ఆయన మన కంచన్‌బాగ్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చారు. పైలట్ సీటు పోయినా విమానాల చదువు పోలేదు. పిల్లలకి ఇదే ఇంకాస్త వివరంగా చెబుతాను: కలకి ఆనుకుని ఉన్న చదువు ఏదో ఒకటి చేతిలో పెట్టుకోండి.

అపోహ: నిజంగా ఇష్టం ఉంటే ఎన్నేళ్లయినా వదలకూడదు.

వాస్తవం: సివిల్స్, గ్రూప్స్ కోచింగ్‌కి పిల్లలు చేరే అశోక్‌నగర్‌కి వెళ్లి ఈ మాట అనండి. హాస్టల్ గదిలో ముగ్గురు, మధ్యాహ్నం కర్రీ పాయింట్ కూర, చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే క్యూ. ఊరికి ఫోన్ చేస్తే "ఈసారి వస్తది కదా బిడ్డా?" అని నాన్న. సివిల్స్‌కి జనరల్ కేటగిరీలో వయసు 32, అవకాశాలు ఆరు. ఓబీసీలకి 35, తొమ్మిది. ఎస్సీ, ఎస్టీలకి 37 ఏళ్ల దాకా ఎన్నిసార్లయినా. దేశం మొత్తానికి ఏటా ఉండే పోస్టులు వెయ్యికి కాస్త అటూ ఇటూ.

ఎన్నో అటెంప్ట్ తర్వాత ఆపేయాలో మొదటి అటెంప్ట్‌కి ముందే రాసుకోవాలంటాను. మధ్యలో అడిగితే ఎవరూ నిజాయితీగా చెప్పలేరు, ప్రిలిమ్స్ మూడు మార్కుల్లో పోయినవాడు అసలే చెప్పలేడు. ఒకబ్బాయిని కలెక్టరే ఎందుకని అడిగాను. "మా ఊరికి కలెక్టర్ వచ్చిన రోజు సర్పంచ్‌తో సహా అందరూ లేచి నిలబడ్డారు మేడం" అన్నాడు. గౌరవం మీద కోరిక తప్పు కాదు. కాకపోతే గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టర్ అయినా ఊరు లేచి నిలబడుతుంది, అక్కణ్ణుంచి ప్రమోషన్ మీద ఐఏఎస్ కూడా రావచ్చు. ఆ అబ్బాయి ఇప్పుడు రెండూ రాస్తున్నాడు.

అపోహ: తల్లిదండ్రులే కలల్ని చంపేస్తారు.

వాస్తవం: సినిమాల్లో అంతే. నా గదిలో చూస్తే, చాలామంది నాన్నల భయానికి ఒక లెక్క ఉంటుంది: ఫీజు ఎంత, మొదటి జీతం ఎప్పుడు, చెల్లెలి పెళ్లి ఎప్పుడు. బొమ్మలు వేసే అమ్మాయి మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటే ఇంట్లో గొడవ. ఫీజు వివరాలు, సీనియర్లు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో తెలుసుకుని రమ్మని పంపాను. ఆ కాగితం చూశాక నాన్న గొంతు సగం తగ్గింది. పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇంకో విషయం. పిల్లల కలలు కూడా చూసినవాటిలోంచే వస్తాయి. పదిహేనేళ్ల విద్యార్థుల మీద చేసే అంతర్జాతీయ సర్వే పీసా 2018 ఆధారంగా, దాన్ని నిర్వహించే దేశాల కూటమి ఓఈసీడీ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 41 దేశాల్లో పదిహేనేళ్ల అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం మంది కేవలం పది ఉద్యోగాల్లోనే ఏదో ఒకటి చేస్తామన్నారు. మన దేశం ఆ సర్వేలో లేదు. ఉంటే పది కూడా అవసరం పడేది కాదేమో.

అపోహ: వేలిముద్రల టెస్టు చేయిస్తే పిల్లవాడు ఏమవుతాడో తెలిసిపోతుంది.

వాస్తవం: డీఎంఐటీ అని స్కూళ్లలోనే అమ్ముతున్నారు, వేలల్లో ఫీజు. వేళ్ల గీతల్ని బట్టి తెలివినీ వృత్తినీ చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త పద్ధతిలో చేసే ఆసక్తుల ప్రశ్నావళులు పనికొస్తాయి గానీ, అవి ఇష్టాన్ని చెబుతాయి, సామర్థ్యాన్ని కాదు. ఏ రిపోర్టులోనైనా 'మీ అబ్బాయి ఫలానా ఉద్యోగానికే పుట్టాడు' అని ఉంటే దాన్ని అక్కడే వదిలేసి రండి.

అపోహ: ముప్పై దాటాక చిన్నప్పటి కల గురించి మాట్లాడటం దండగ.

వాస్తవం: ఏ డిగ్రీ ఉన్నా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు, బీఈడీ రెండేళ్లు. దారులు ఉన్నాయి. ఈఎంఐ కూడా ఉంటుంది, అందుకే రాజీనామా కన్నా ముందు రుచి చూసి రమ్మంటాను. కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకావిడకి చిన్నప్పటి నుంచి టీచర్ అవ్వాలని. ఇంట్లో తలుపు మీద సుద్దముక్కతో రాసి తమ్ముణ్ణి కూర్చోబెట్టి పాఠం చెప్పేదట. కొన్నాళ్లపాటు శనివారాలు దగ్గర్లోని ఒక స్కూల్లో లెక్కలు చెప్పమన్నాను. వెళ్లి వచ్చి, "చెప్పడం బావుంది మేడం, పేపర్లు దిద్దడం, కాపీలు పట్టుకోవడం, పేరెంట్స్ మీటింగులు నా వల్ల కాదు" అంది. కంపెనీలోనే కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చే టీమ్‌కి మారింది. అక్కడ ఆన్‌సైట్ అవకాశాలు తక్కువని వాళ్లాయన ఇప్పటికీ గొణుగుతున్నాడట.