హోమ్‌స్కూలింగ్‌లో కొత్త పాఠ్యక్రమం, రోజువారీ పాఠాల వేగం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఇంటి చదువు ప్రణాళిక వేసుకోవడంలో తోడుగా ఉండటం నా పని. అంతకుముందు పదకొండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. నా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకున్నారు. ఏటా జూన్‌లో కొత్త పుస్తకాల పెట్టె ఇంటికి వస్తుంది, జులై నెలాఖరుకల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఈపాటికి ముప్పయ్యో పాఠంలో ఉండాల్సింది, మేమింకా పద్నాలుగు దాటలేదు" అని తల్లులు చెప్పే మాటల్లో పాఠం సంఖ్య వినిపిస్తుంది గానీ, ఆ పద్నాలుగు పాఠాల్లో బిడ్డకు ఏం వచ్చింది, ఏం రాలేదు అన్నది చాలా అరుదుగా వినిపిస్తుంది. ఆ కంగారుకు మూలమైన నమ్మకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: బడిలో ఆరు గంటలు చదువుతారు కాబట్టి ఇంట్లోనూ ఆరు గంటలు చదివించాలి.

వాస్తవం: విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో బడులకే నిర్దేశించిన కనీస బోధన సమయాన్ని ఒకసారి చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు. అంటే చిన్న తరగతులకు రోజుకు నాలుగు గంటలు, పెద్ద తరగతులకు సుమారు నాలుగున్నర గంటలు. అందులోనూ హాజరు పిలవడానికి, నోటు పుస్తకాలు పంచడానికి, నలభై మందిని ఒక దారికి తేవడానికి పోయే సమయం ఎంతో బడిలో పనిచేసిన నాకు బాగా తెలుసు. ఇంట్లో ఒక్క బిడ్డ ఎదురుగా కూర్చున్నప్పుడు ఒకటి, రెండు తరగతులకు గంటన్నర, మూడు నుంచి ఐదు తరగతులకు రెండు మూడు గంటలు పుస్తకం ముందు గడిపితే చాలు. ఇది నా అనుభవంలో తేలిన లెక్క. కొత్త పాఠ్యక్రమం మొదలుపెట్టిన తొలి రెండు వారాలు అందులోనూ సగమే పెట్టుకోమంటాను, ఎందుకంటే ఆ రోజుల్లో పిల్లలు పాఠంతో పాటు ఆ పుస్తకం మాట్లాడే తీరును కూడా నేర్చుకోవాలి.

అపోహ: పుస్తకంలో 180 పాఠాలుంటే, రోజుకొకటి చొప్పున 180 పాఠాలూ ఏడాదిలో అయిపోవాలి.

వాస్తవం: అందరికంటే ఎక్కువగా తల్లులను కుంగదీసే నమ్మకం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమెరికా నుంచి వచ్చే చాలా పాఠ్యక్రమాలు 36 వారాలు, వారానికి 5 రోజుల లెక్కన 180 పాఠాలుగా రాసి ఉంటాయి. అక్కడి చాలా రాష్ట్రాల్లో బడి సంవత్సరం 180 రోజులు కావడమే అందుకు కారణం. మన ఇంటి సంవత్సరం వేరు. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా సెలవులు, సంక్రాంతికి కడపకో అనంతపురానికో ప్రయాణం, దగ్గరి బంధువుల పెళ్లి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వచ్చే జ్వరాలు, ఇవన్నీ ఆ 36 వారాల్లోనే వస్తాయి. అందుకే నేను పుస్తకం తెరవకముందే గోడ క్యాలెండరు తీయిస్తాను. చదువు కుదరని రోజులన్నీ కొట్టేస్తే చాలా ఇళ్లలో వారానికి నాలుగు రోజులు మిగులుతాయి. 36 వారాలు, వారానికి నాలుగు, మొత్తం 144. అంటే 36 పాఠాలకు రోజులు లేవని జూన్‌లోనే తెలిసిపోతుంది. ఫిబ్రవరిలో తెలిస్తే కలిగే దుఃఖం అప్పుడు ఉండదు.

ఆ 36 పాఠాలను ఎక్కడ తగ్గించాలన్నది తర్వాతి ప్రశ్న. లెక్కల పుస్తకాల్లో మొదటి పదిహేను ఇరవై పాఠాలు సాధారణంగా పోయినేటి పునశ్చరణే. వాటి చివర ఉండే పరీక్షను ముందే పెట్టి, తప్పు వచ్చిన అంశాలను మాత్రమే రెండు మూడు రోజులు చెప్పుకుంటే చాలు. కొత్త విషయం లేకుండా సాధన మాత్రమే ఉండే పాఠాలను రెండేసి కలిపి, 1, 3, 5 ఇలా బేసి వరుస సంఖ్య ఉన్న లెక్కలు మాత్రమే చేయించవచ్చు. డైమ్, నికెల్ వంటి అమెరికా నాణేలను గుర్తుపట్టే పాఠాలను నిస్సంకోచంగా వదిలేయవచ్చు, ఆ స్థానంలో మన రూపాయల చిల్లరతో లెక్కలు చేయించాలి. అంగుళాలు, అడుగులు, ఫారెన్‌హీట్ పాఠాలను మాత్రం పూర్తిగా కొట్టేయకండి. ఇంటి స్థలం కొలిచేటప్పుడూ జ్వరం చూసేటప్పుడూ మనం కూడా వాటినే వాడుతున్నాం.

ఏ వారంలోనైనా ఐదో రోజు కూడా దొరికితే, దానికి కొత్త పాఠం ఏదీ పెట్టవద్దు. వారంలో సగంలో ఆగిపోయిన పాఠాలకు, లేదా బయటి చదువుకు అది ఉపయోగపడుతుంది. కప్పీలు, తులాదండాల పాఠం వచ్చిన వారంలో కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లడం, శిలల పాఠం వచ్చినప్పుడు లాల్‌బాగ్ కొండ మీద కూర్చుని ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలని చెప్పడం, అవి కూడా పాఠాల కిందికే వస్తాయి. మీ హాజరు పుస్తకంలో వాటినీ రాసుకోండి.

అపోహ: కొత్త పుస్తకం ముందు బిడ్డ ఏడుస్తోందంటే ఆ పాఠ్యక్రమం పనికిరాదు, వెంటనే మార్చేయాలి.

వాస్తవం: ఆగస్టులో ఒక రోజు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఇంటికి వెళ్లాను. తొమ్మిదేళ్ల పాప భోజనాల బల్ల దగ్గర 402 లోంచి 178 తీసివేసి 376 అని రాసింది. అప్పటికే రబ్బరుతో రెండుసార్లు చెరిపినందువల్ల కాగితం అక్కడ పలచబడింది. "పాత పుస్తకంలో అన్నీ వచ్చేవి అక్కా, ఇందులో ఈ డబ్బాల బొమ్మలు చూసి బెదిరిపోతోంది" అని వాళ్లమ్మ బాధపడింది. నేను పాపను "376 ఎలా వచ్చిందో చెప్పమ్మా" అని అడిగాను. "రెండులోంచి ఎనిమిది పోదు కదా ఆంటీ, అందుకే ఎనిమిదిలోంచి రెండు తీసేశాను" అంది. పదుల స్థానంలోనూ అదే చేసింది, సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసేసింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడం లెక్కల టీచర్లందరూ చూసే తప్పు.

పుస్తకం మూసి, నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఆమె చేతికిచ్చి, నేను అంగడి పెట్టాను, నాకు సరిగ్గా 178 రూపాయలు ఇవ్వమన్నాను. కాసేపు నోట్లను అటూ ఇటూ తిప్పి, "చిల్లర కావాలి" అంది. వంద నోటు ఒకటి, పది రూపాయల నోట్లు పదిగా మారింది. అందులో ఒక పది నోటు పది రూపాయి బిళ్లలయింది. ఇప్పుడు ఆమె ముందు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు ఉన్నాయి. 178 నాకిచ్చి మిగిలింది లెక్కపెట్టి 224 అంది. అప్పుడు పుస్తకం తెరిచి ఆ డబ్బాల బొమ్మ చూపిస్తే, "ఇది కూడా చిల్లరే" అని తనే అంది. పాత పుస్తకం "అప్పు తెచ్చుకోవడం" అనే ఆనవాయితీని మాత్రమే నేర్పింది, మధ్యలో సున్నా వచ్చేసరికి ఆ ఆనవాయితీ చెదిరిపోయింది. కొత్త పుస్తకం ఆ లోపాన్ని బయటపెట్టింది. ఆ ఒక్క పాఠం మీద వాళ్లు ఎనిమిది రోజులు ఉన్నారు, అలా ఉండమని చెప్పింది నేనే.

కాబట్టి మార్చే ముందు ఆరు వారాలు ఆగండి. ఈలోగా అదే లెక్కను బిడ్డకు పాత పద్ధతిలో, నోటితో అడిగి చూడండి. చేయగలిగితే ఇబ్బంది పుస్తకం భాషతోనే, అది అలవాటవుతుంది. చేయలేకపోతే వెనక ఎక్కడో ఖాళీ ఉంది, ఏ పుస్తకం తెచ్చినా ఆ ఖాళీ వెంటే వస్తుంది. వారం రోజులు వివరించాక కూడా సగం లెక్కలు తప్పుతుంటే ఒక స్థాయి కిందికి దిగాలి. పుస్తకం అట్ట మీది స్థాయి అంకె బడి తరగతికి సమానమని ఎక్కడా లేదు, ప్రవేశ స్థాయి పరీక్ష పెట్టి చూసుకోవడమే సరైన పని. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాడే ఇళ్లలోనూ ఈ సమస్య ఉంది. 2024లో మూడు, ఆరు తరగతులకు కొత్త పుస్తకాలు వచ్చాయి, కాబట్టి అక్క చదివిన పాత ఆరో తరగతి పుస్తకానికి వేసుకున్న ప్రణాళిక తమ్ముడికి పనికిరాదు.

అపోహ: గంట కొట్టినట్టు టైమ్‌టేబుల్ ఉంటేనే క్రమశిక్షణ వస్తుంది.

వాస్తవం: సమయం కన్నా వరుస ముఖ్యం. లెక్కలు, చదవడం రోజూ ఉండాలి. సైన్సు, సాంఘికం, బొమ్మలు, సంగీతం వంటి వాటికి వారం పేర్లు పెట్టకుండా వరుసగా తిప్పండి. శుక్రవారం చుట్టాలొస్తే శుక్రవారం సబ్జెక్టు పోదు, మరుసటి రోజు అక్కడి నుంచే మొదలవుతుంది. చిన్నపిల్లలకు ఒక పాఠం ఇరవై నిమిషాలు మించనివ్వకండి. నేర్చుకున్నది తొలి రోజుల్లోనే ఎక్కువగా మరిచిపోతామని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించారు. అందుకే ఒక్క రోజు గంటసేపు చేయించే పునశ్చరణ కన్నా మర్నాడు, వారానికి, నెలకు ఐదేసి నిమిషాలు చేయించేది బాగా నిలుస్తుంది.

అపోహ: ఇలా నెమ్మదిగా వెళ్తే పదో తరగతి నాటికి వెనకబడిపోతారు.

వాస్తవం: ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా సెకండరీ, అంటే పదో తరగతి పరీక్ష రాయాలంటే కనీస వయసు 14 ఏళ్లు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ వ్యవధిలో తొమ్మిది అవకాశాలుంటాయి, పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరులలో జరుగుతాయి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర లేదు. మూడో తరగతిలో తీసివేతల దగ్గర పోయిన ఎనిమిది రోజులకు ఈ లెక్కలో చోటు ఉంది. తీసివేత రాకుండా బీజగణితానికి వెళ్లిన బిడ్డకు మాత్రం నిజంగా ఇబ్బంది ఉంటుంది.

అపోహ: కొత్త పాఠ్యక్రమానికి అలవాటుపడే ఏడాదిలో తెలుగు పక్కన పెట్టడమే మంచిది.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఒక ఏడాదికని పక్కన పెట్టిన తెలుగును మళ్లీ తీసినవాళ్లను నేను కొద్దిమందినే చూశాను. రోజుకు పది నిమిషాలు చాలు. బెంగళూరులో మన పిల్లలకు మరో వెసులుబాటు కూడా ఉంది. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే పాత లిపి నుంచి వచ్చాయి. గుణింతాల వరుస రెండింటిలోనూ ఒకటే. గ, న, ర, ల అక్షరాలు నేర్చుకున్న బిడ్డ బీఎమ్‌టీసీ బస్సు బోర్డు మీద వాటిని గుర్తుపట్టగలదు. తలకట్టు తీరు వేరుగా ఉంటుంది, క, త వంటి అక్షరాలు మొదట తికమక పెడతాయి. అక్కడ ఆగి రెండింటినీ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు. వారానికొక గుణింతం చొప్పున వెళ్లండి, ఏ వారం కుదరకపోతే ఆ వారం అదే గుణింతాన్ని మళ్లీ చదివించండి.