తినే ఎసెన్సు పీల్చడానికి కాదు: ఇంట్లో కలిపే వేపింగ్ ద్రవంపై అపోహలు - వాస్తవాలు

"అన్నా, గ్లిజరిన్ పెద్ద సీసా ఒకటి, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి ఇవ్వండి."

ఈ రెండూ కలిపి అడిగితే నాకు సంగతి తెలిసిపోతుంది. చలికాలంలో కాళ్ల పగుళ్లకు గ్లిజరిన్ కొనేవాళ్లు చిన్న సీసా తీసుకుంటారు, పక్కనే రోజ్ వాటర్ అడుగుతారు. వాళ్లకు సిరంజితో పని ఉండదు. పెద్ద సీసా, సిరంజి తీసుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ప్రొపిలీన్ గ్లైకాల్ దొరుకుతుందా?" అన్నారంటే, ఇంట్లో ఈ-సిగరెట్ ద్రవం కలుపుతున్నారన్నమాట. ఈ రెండు ద్రవాల్లో నికోటిన్, వాసన ఎసెన్సు కలిపి, బ్యాటరీ పరికరంలో వేడిచేసి, వచ్చే పొగలాంటిదాన్ని పీల్చడాన్నే వేపింగ్ అంటారు. తిరుపతి బైరాగిపట్టెడలో మందుల దుకాణం పెట్టి 19 ఏళ్లయింది. దానికి ముందు ఆరేళ్లు ఒక మందుల తయారీ సంస్థలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. అప్పుడు నేర్చుకున్నదీ, ఇప్పుడు కౌంటర్ దగ్గర రోజూ చూస్తున్నదీ కలిపి రాస్తున్నాను. చెప్పిందే చెప్పి నా గొంతు అలసిపోయింది, అందుకే ఈ రాత.

అపోహ: అన్నీ తినే పదార్థాలే కదా, పీలిస్తే ఏమవుతుంది?

మిగతావన్నీ పక్కన పెట్టినా ఫరవాలేదు, ఇది ఒక్కటీ అర్థం చేసుకోండి. అన్ని అపోహలకూ తల్లివేరు ఇదే.

పోయిన వేసవిలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి వచ్చాడు. జేబులోంచి చిన్న మామిడి ఎసెన్సు సీసా తీసి కౌంటర్ మీద పెట్టాడు. "చూడండి, ఆహార లైసెన్సు నంబరు ఉంది. ఐస్‌క్రీములో, జ్యూసులో వేసేదే. ఇందులో విషం ఎక్కడుంది?" అన్నాడు. చిత్తూరు జిల్లా పిల్లవాడికి మామిడి వాసన మీద నమ్మకం ఉండటంలో తప్పులేదు. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల మధ్య పుట్టి పెరిగినవాడు. కానీ ఆ నంబరు కడుపుకు ఇచ్చిన అనుమతి, ఊపిరితిత్తులకు కాదు. ఆ సీసాలోని ద్రవాన్ని వేడిచేసి పీలిస్తే ఏమవుతుందో ఆ లైసెన్సు ఇచ్చినవారు పరీక్షించలేదు. పరీక్షించాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. అమెరికాలో రుచి పదార్థాల తయారీదారుల సంఘమే ఈ మాట బహిరంగంగా చెప్పింది: తాము సురక్షితం అన్నది ఆహారంలో వాడకానికే, పీల్చడానికి అది వర్తించదు అని.

కడుపులో ఆమ్లం ఉంది, పేగుకు మందమైన పొర ఉంది, ఆపైన కాలేయం ఉంది. నోటి ద్వారా వెళ్లిన చాలా పదార్థాలను రక్తంలో కలిసేలోగా కాలేయం విరగ్గొడుతుంది. ఊపిరితిత్తికి ఆ కాపలా లేదు. చివరి గాలి తిత్తుల గోడ ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పలచన. ఆ పలచనదనం వల్లే మనం బతుకుతున్నాం, ఆక్సిజన్ దాన్ని దాటే లోపలికి వెళ్లాలి. అదే దారిలో నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఎసెన్సూ అదే దారిన వెళ్తుంది.

ఉదాహరణ చెబితేనే ఎవరికైనా మనసుకెక్కుతుంది. వెన్న వాసననిచ్చే డైఎసిటైల్ అనే పదార్థం ఉంది. పాప్‌కార్న్‌లో వేసుకుని కోట్లమంది తిన్నారు, ఏమీ కాలేదు. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం జాస్పర్ పట్టణంలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల చిన్న గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు బయటపడింది. వాళ్లు ఆ వెన్న వాసనను తినలేదు, వేడి తొట్ల దగ్గర నిలబడి పీల్చారు. ఆ మచ్చ మళ్లీ మామూలు కాదు. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల ఈ-సిగరెట్ రుచులను పరీక్షిస్తే 39 రకాల్లో ఈ డైఎసిటైల్ కనిపించింది. వేపింగ్ చేసేవాళ్లందరికీ ఆ జబ్బు వస్తుందని నేను అనడం లేదు. భయపెట్టి మానిపించడం నా పద్ధతి కాదు. కస్టర్డ్, వెన్న, బటర్‌స్కాచ్ వాసనల్లో ఏముందో తెలియకుండా పీల్చవద్దంటున్నాను.

రెండో ఉదాహరణ నా కౌంటర్ మీదే ఉంది. ఆ పిల్లవాడి ముందు ఆకుపచ్చ విటమిన్ ఇ గుళికల పట్టీ పెట్టాను. రోజూ అమ్మేదే. కొందరు మింగుతారు, కొందరు ముఖానికి రాసుకుంటారు. ఇందులో ఉండేది విటమిన్ ఇ ఎసిటేట్. 2019లో అమెరికాలో కొందరు గంజాయి సారం ఉన్న వేపింగ్ ద్రవాన్ని చిక్కబరచడానికి దీన్నే కలిపారు. 2020 ఫిబ్రవరి నాటికి వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, అందులో మరణాలు 68. రోగుల ఊపిరితిత్తులను కడిగిన ద్రవాన్ని పరీక్షిస్తే 51 మందిలో 48 మందికి ఇదే పదార్థం దొరికింది. మింగితే విటమిన్, పీలిస్తే ఐసీయూ. పిల్లవాడు ఆ పట్టీని తిప్పి తిప్పి చూశాడు. ఎసెన్సు సీసాను జేబులో పెట్టుకోకుండా అక్కడే వదిలి వెళ్లాడు.

మన ఇళ్లలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. పసిబిడ్డకు స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేసే పాత అలవాటు. అది వంటనూనే. కానీ ఊపిరితిత్తిలోకి జారితే న్యుమోనియా వస్తుంది, పిల్లల డాక్టర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. లవంగ తైలం, నీలగిరి తైలం రెండు చుక్కలు కలిపితే చల్లగా ఉంటుందట అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. పచ్చకర్పూరం సంగతి కూడా చెప్పాలి. "శ్రీవారి లడ్డూలో వేస్తారు కదా" అని ఒకరు అడిగినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. లడ్డూలో ఉండేది చిటికెడులో చిటికెడు, అదీ తినడానికి. కర్పూరం మోతాదు మించితే మూర్ఛలు తెప్పిస్తుంది, చిన్నపిల్లలకైతే మరీ ప్రమాదం.

అపోహ: మూడు వారాలు ఊరబెడితే ఘాటు పోతుంది, ద్రవం మంచిదవుతుంది

దీన్ని ఇంగ్లిషులో స్టీపింగ్ అంటారు, మన కుర్రవాళ్లు చక్కగా "ఊరబెట్టడం" అంటున్నారు. మాట వల్లే పొరపాటు వచ్చిందేమో అనిపిస్తుంది. ఆవకాయ మూడో రోజు తిరగకలిపి, ఊరనిస్తే బాగుంటుంది కదా, ఇదీ అంతే అనుకుంటారు. ఊరగాయలో ఉప్పు, పులుపు కలిసి సూక్ష్మజీవులను అణచివేస్తాయి, ముక్క మెత్తబడుతుంది. ఈ సీసాలో జరిగేది వేరు.

ఒకాయన సీసా తెచ్చి చూపించాడు. ఏప్రిల్ నెల, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఎండలో పదిహేను రోజులు పెట్టాడట. కలిపిన రోజు నీళ్లలా ఉన్నది పలచని కాఫీ డికాషన్ రంగుకు తిరిగింది. "పాకానికి వచ్చింది" అన్నాడు సంతోషంగా. ఆ రంగు పాకం కాదు. వెలుతురు, గాలి, వేడి తగిలి నికోటిన్ ఆక్సీకరణ చెందింది, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ కూడా రంగు తిరిగింది. నా పాత ఉద్యోగంలో ఒక సిరప్ ఇలా రంగు మారితే ఆ బ్యాచ్ మొత్తం ఆపేసి, కారణం తేలేదాకా ఎవరినీ ముట్టనిచ్చేవాళ్లు కాదు.

ఘాటు తగ్గడం నిజమే, కాదనను. తగ్గిన ఘాటు ఎక్కడికి పోయింది? మూత బిగించిన సీసాలోంచి ఎక్కడికీ పోలేదు. 2018లో యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్ని చూశారు. దాల్చినచెక్క, వెనిలా, చెర్రీ వాసనలిచ్చే ఆల్డిహైడ్లు అనే రసాయనాలు ప్రొపిలీన్ గ్లైకాల్‌తో గది ఉష్ణోగ్రత దగ్గరే కలిసి ఎసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారుతున్నాయి. అవి ఆవిరిలోకి కూడా వస్తున్నాయి. శ్వాసనాళంలో మంటను పసిగట్టే నాడులను అసలు ఆల్డిహైడ్ల కంటే ఇవే ఎక్కువ రేపుతున్నాయి. అంటే ముక్కుకు మెత్తబడిన సీసా గొంతుకు మెత్తబడిందని కాదు. మీరు కలపనిది ఏదో అందులో పుట్టింది, దాని పేరు సీసా మీద ఉండదు. నికోటిన్ మోతాదు ఊరడం వల్ల చెప్పుకోదగ్గంతగా తగ్గదు కూడా.

అపోహ: మందుల దుకాణంలో కొన్న గ్లిజరిన్ స్వచ్ఛమైనదే

లేబుల్ చదవండి. నేను అమ్మే సీసా మీద పైపూతకు మాత్రమే అని రాసి ఉంటుంది. ఇక సంతలో, రసాయనాల దుకాణంలో క్యాన్లలో పోసి అమ్మేది పరిశ్రమల సరుకు. గ్లిజరిన్‌లో, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలుస్తుందేమోనన్న భయం మా వృత్తిలో ఎప్పుడూ ఉంటుంది. చూడటానికి, వాసనకు, తీపికి తేడా తెలియదు. 1986లో ముంబయిలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఇలా కలుషితమైన గ్లిజరిన్ ఇచ్చిన 14 మంది మూత్రపిండాలు పాడై చనిపోయారు. ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

స్వచ్ఛమైనదే దొరికిందనుకుందాం. బాణలిలో నూనె మాడి పొగ వచ్చినప్పుడు కళ్లు మండి వంటింట్లోంచి బయటికి పరుగెత్తుతాం కదా. ఆ మంటకు ముఖ్య కారణాల్లో ఒకటి ఎక్రోలిన్. అది నూనెలోని గ్లిజరిన్ భాగం విరిగితే పుడుతుంది. ద్రవాన్ని వేడిచేసే తీగ చుట్ట బాగా వేడెక్కి, ద్రవాన్ని పీల్చుకునే దూది ఎండితే మీ పరికరంలోనూ అదే పుడుతుంది, ఫార్మాల్డిహైడ్ తోడుగా.

అపోహ: నికోటిన్ చుక్కే కదా, లెక్క చూసుకుని వేస్తే చాలు

ఈ లెక్క గురించి రాస్తుంటే నా చెయ్యి బరువెక్కుతుంది. చాటుగా తెప్పించే గాఢ నికోటిన్ మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, అదీ లేబుల్ నిజమైతే. ఒక టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, అంటే 500 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ నుంచి శరీరంలోకి చేరేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పదింతలు.

చిన్నపిల్లలకు ఆ లెక్క కూడా అక్కర్లేదు. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పసివాడు ఇంట్లో ఉన్న ద్రవ నికోటిన్ తాగి చనిపోయాడు. ఆ తర్వాత 2016లో అమెరికాలో అలాంటి సీసాలకు పిల్లలు తీయలేని మూత తప్పనిసరి చేశారు. మన దగ్గర ఇంట్లో కలిపేవాళ్లు వాడేది ఏమిటి? కంటి చుక్కల ఖాళీ సీసా, దగ్గు మందు సీసా. మా వీధిలోనే ఒక ఇంట్లో, ఫ్రిజ్ తలుపులో పాప దగ్గు మందు పక్కన స్ట్రాబెరీ వాసన సీసా నిలబెట్టి ఉంది. ఆ తల్లికి ఏదో అనుమానం వచ్చి, పాపకు పట్టకుండా రెండు సీసాలూ తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆమె తప్పేమీ లేదని రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

చర్మం ద్వారానూ నికోటిన్ ఎక్కుతుంది. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు వచ్చేది ఇందుకే. చేతిమీద ఒలికితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగండి, తడిసిన బట్ట విప్పేయండి. ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించవద్దు. 108కి ఫోను చేయండి, సీసా వెంట తీసుకెళ్లండి. వాంతులు, చొల్లు కారడం, చెమటలు మొదట వస్తాయి, మూర్ఛ, ఊపిరి ఆగడం వెనుక వస్తాయి. "కాసేపు చూద్దాం" అని ఇంట్లో కూర్చోవద్దు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఈ-సిగరెట్ నుంచి వచ్చేది నీటి ఆవిరి కాదు, గ్లిజరిన్, గ్లైకాల్ సన్నని తుంపర. నికోటిన్ లేకపోయినా పైన చెప్పిన ఎసెన్సు సంగతి మారదు. తీపి కోసం సుక్రలోజ్ కలిపితే వేడికి క్లోరిన్ ఉన్న పదార్థాలు పుడతాయి. ఇక చట్టం: 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, అదే ఏడాది చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం, నికోటిన్ ఉన్నా లేకున్నా. నిల్వకు శిక్ష కొంత తక్కువ, మిగతావాటికి మొదటి నేరానికే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "ఫలానా దేశంలో డాక్టర్లే ఇస్తారట" అనే వాట్సాప్ సందేశం మనకు రక్షణ కాదు. అక్కడ సీసాలో ఏముందో తనిఖీ చేసే వ్యవస్థ ఉంది, ఇక్కడ మీ చేతిలోని సీసాకు ఎవరూ పూచీ లేరు.

ఒక మాట మాత్రం నిదానంగా చెప్పాలి. ఇలా కలుపుకునేవాళ్లలో సిగరెట్ మానాలని నిజంగా తపించేవాళ్లు ఉన్నారు. రేణిగుంట నుంచి వచ్చే ఒక లారీ డ్రైవరు, యాభై దాటినవాడు, "కూతురి పెళ్లిలోపు మానేయాలి నాయనా, ఇదైనా పని చేస్తుందేమో అని" అన్నాడు. ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. పరీక్షించిన దారి ఉందని చెప్పాను. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది అమ్ముతాం. దాన్ని చూయింగ్ గమ్‌లా కసకసా నమలకూడదు. నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గకు, చిగురుకు మధ్య ఆనించి ఉంచాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. నమిలే ముందు పావుగంట కాఫీ, టీ వద్దు. ఈ సంగతి ఎవరూ చెప్పక, ఎక్కిళ్లు వచ్చి రెండో రోజే పారేసేవాళ్లు ఎక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పొగాకు మానేందుకు సాయం చేసే జాతీయ ఉచిత నంబరు 1800-11-2356. లారీ ఆయన ఇప్పటికి మూడుసార్లు వచ్చి గమ్ తీసుకెళ్లాడు. మధ్యలో ఒకసారి మళ్లీ కాల్చానని తలదించుకుని చెప్పాడు. అది మామూలేనని, చాలామందికి ఒక్కసారిలో కుదరదని చెప్పి పంపాను.

మీ పిల్లల అరలో ఇలాంటి సీసా కనబడితే సింకులో పారబోయవద్దు, వాసన చూడవద్దు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, మూత బిగించి, రెండు కవర్లలో చుట్టి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ముందు పిల్లవాడితో మాట్లాడండి, అరవడం తర్వాత సంగతి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా దుకాణంలో రద్దీ ఉండదు. అప్పుడు ఇద్దరూ కలిసి రండి, సీసాను అలాగే చుట్టి తీసుకురండి.